ఊరికే వచ్చే 160 ఎకరాలా, రైల్వే అమ్మే 80 ఎకరాలా?

1872లో ఇల్లినాయ్‌లో కౌలుకు చేసుకుంటున్న ఒక రైతుని ఊహించుకుందాం. భార్య, ముగ్గురు పిల్లలు, ఒక జత ఎద్దులు, చేతిలో మూడు నాలుగు వందల డాలర్లు. పడమటి వైపు నెబ్రాస్కాలో భూమి దొరుకుతోందని విన్నాడు. ఒకటి సర్కారు భూమి, 160 ఎకరాలు, ఊరికే. రెండోది రైల్వే కంపెనీ భూమి, దానికి డబ్బు కట్టాలి. ఎవరైనా మొదటిదే తీసుకుంటారనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే నేను అంత తొందరగా చెప్పలేకపోయాను.

సర్కారు భూమి 1862 మే 20న లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం కింద వచ్చేది. 21 ఏళ్లు నిండినవాళ్లు, లేదా కుటుంబ పెద్ద, దరఖాస్తు పెట్టుకోవచ్చు. పౌరసత్వం ఉండాలి, లేదా తీసుకుంటానని రాసివ్వాలి. అమెరికా ప్రభుత్వం మీద ఆయుధం పట్టి ఉండకూడదు. ఐదేళ్లు అక్కడే ఇల్లు కట్టుకుని ఉండి, సేద్యం చేసి, ఇద్దరు సాక్షుల్ని తీసుకెళ్తే పట్టా చేతికిస్తారు. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. ఐదేళ్లు ఆగలేనివాళ్లు ఆరు నెలలు ఉండి, ఎకరానికి డాలరుంపావు కట్టి పట్టా తెచ్చుకునే వీలు కూడా ఉంది.

రైల్వే దగ్గర భూమి ఎందుకుంది? రైలు పట్టాలు వేయడానికి కంపెనీలకు ప్రభుత్వం డబ్బు బదులు నేల ఇచ్చింది. 1864 తర్వాత యూనియన్ పసిఫిక్ లాంటి కంపెనీకి ప్రతి మైలు పట్టాకీ 20 సెక్షన్ల లెక్కన దక్కింది. సెక్షన్ అంటే చదరపు మైలు, 640 ఎకరాలు. దారికి అటూ ఇటూ 20 మైళ్ల మేర, బేసి నంబరు సెక్షన్ రైల్వేది, సరి నంబరుది సర్కారుది. మ్యాప్ మీద చదరంగం బల్లలా ఉంటుంది. దేశం మొత్తం మీద ఫెడరల్ ప్రభుత్వం ఇలా రైల్వేలకు ఇచ్చింది 13 కోట్ల ఎకరాల చిల్లర.

ఇక్కడే అసలు మెలిక. పట్టాలకు దగ్గర్లో ఉన్న సర్కారు సెక్షన్లలో హోమ్‌స్టెడ్ కింద 160 ఎకరాలు ఇవ్వరు, 80 మాత్రమే ఇస్తారు. రైలు వల్ల ఆ నేల విలువ రెట్టింపవుతుందని ప్రభుత్వం వేసిన లెక్క అది. 1879 దాకా ఈ పరిమితి ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసినవాళ్లకు మాత్రం 1872 నుంచి మినహాయింపు ఇచ్చారు, వాళ్ల సర్వీసు కాలాన్ని ఐదేళ్లలోంచి తీసేశారు కూడా. మన కౌలు రైతు యుద్ధానికి వెళ్లి ఉంటే అదృష్టవంతుడే. వెళ్లకపోతే, పూర్తి 160 ఎకరాలు కావాలంటే ఇరవై మైళ్లు దాటి లోపలికి పోవాలి.

ఇరవై మైళ్లంటే ఇప్పుడు మనకు అరగంట కారు ప్రయాణం. ఎద్దుల బండికి గోధుమ బస్తాలు ఎత్తితే రోజుకు పదిహేను మైళ్లు సాగితే గొప్ప. పోను ఒకటిన్నర రోజు, రాను ఒకటిన్నర రోజు. కోతల కాలంలో ఒక మగమనిషి, ఒక జత ఎద్దులు మూడేసి రోజులు దారి మీదే ఉంటాయి. ఉప్పుకీ, నాగలి కర్రుకీ, డాక్టరుకీ అదే దూరం. ఆ మైదానంలో చెట్లు లేవు. ఇంటికి కావలసిన కలపా, పొయ్యిలోకి బొగ్గూ రైలులోనే రావాలి. కలప కొనలేనివాళ్లు గడ్డి వేళ్లు పట్టిన నేలను నాగలితో పెళ్లలుగా కోసి, ఇటుకల్లా పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. వానొస్తే రెండు రోజులు లోపల కూడా వానే. వంటకు అడవిదున్నల ఎండిన పేడ ఏరుకొచ్చి కాల్చేవాళ్లు. పిడకల పొయ్యి మనకొక్కళ్లకే తెలుసనుకుంటాం గానీ, నెబ్రాస్కా ఇల్లాలికీ తెలుసు.

ఇప్పుడు రైల్వే బేరం చూద్దాం. బర్లింగ్టన్ కంపెనీ 1872లో గోడలకు అంటించిన పోస్టరు ఇప్పటికీ కనిపిస్తుంది. అయోవా, నెబ్రాస్కాల్లో లక్షల ఎకరాలు, పదేళ్ల వాయిదాలు, 6 శాతం వడ్డీ. ఎకరం ఐదు డాలర్ల చొప్పున పట్టుకుంటే 80 ఎకరాలకు 400 డాలర్లు, మొదటి ఏడాది వడ్డీ 24 డాలర్లు. కూలి రోజుకు డాలరు అటూ ఇటూగా ఉన్న కాలం అది. అంటే ఏడాదికి నాలుగు వారాల కూలి వడ్డీకి పోతుంది. అసలు వేరే. దానికి బదులు ఏం వస్తుంది? స్టేషను దగ్గర్లో ఉంటుంది. భూమి చూడ్డానికి వచ్చే టికెట్టు డబ్బు, భూమి కొంటే తిరిగిచ్చేవాళ్లు. వచ్చిన కుటుంబాలు కొన్నాళ్లు తలదాచుకోడానికి కంపెనీలే షెడ్లు కట్టించాయి. ఐదేళ్లు కదలకుండా ఉండాలన్న నిబంధనా లేదు, ఎవరివి, ఏ దేశం, ఏ సైన్యంలో ఉన్నావని అడిగేవాడూ లేడు. డబ్బుంటే చాలు.

పైసా ఆలోచన అక్కడితో ఆపితే రైల్వేకే ఓటు వేసేవాణ్ని. కానీ సర్కారు భూమికి రెండు మంచి లక్షణాలున్నాయి, పోస్టర్ల హడావిడిలో అవి కనబడవు. పట్టా రాకముందు చేసిన అప్పులకు ఆ భూమిని జప్తు చేయకూడదని చట్టంలోనే రాశారు. పట్టా వచ్చేదాకా భూమి పన్నూ లేదు. పంట పోయిన ఏడు ఇవి ఎంత ధైర్యమో రైతుకే తెలుస్తుంది. రైల్వే భూమికి ఉన్నది ఒప్పంద పత్రం మాత్రమే. చివరి వాయిదా కట్టేదాకా హక్కు కంపెనీదే. వాయిదా తప్పితే అంతవరకు కట్టిందీ పోతుంది, దున్నిన నేలా పోతుంది.

పంట పోదా? 1874లో మిడతలు వచ్చాయి. కాన్సాస్, నెబ్రాస్కా, మినసోటా, డకోటా అంతటా పొలాల్లో పచ్చగా కనిపించినదల్లా తినేశాయి. పట్టాల మీద నలిగిన మిడతల జిడ్డుకి రైలు చక్రాలు జారిపోయేవట. ఆ ఏడు హోమ్‌స్టెడ్ రైతులు హక్కు పోకుండా కొన్ని నెలలు వేరే చోటికి పోయి బతికి రావడానికి అమెరికా చట్టసభ కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. కంపెనీల్లోనూ కొన్ని వాయిదాలు జరిపి ఉంటాయి, కాదనను. కానీ అది దయ, ఇది చట్టం.

కంపెనీ మాట మీద ఎంత ఆధారపడొచ్చో కాలిఫోర్నియాలో మసెల్ స్లూ రైతుల్ని అడగాలి. ఎకరం రెండున్నర డాలర్ల నుంచి మొదలని సదరన్ పసిఫిక్ వాళ్ల కరపత్రంలో చదివి, పట్టా లేకుండానే వెళ్లి స్థిరపడ్డారు. కాలవలు తవ్వారు, ఎడారిని పంటచేను చేశారు. తీరా అమ్మకం మొదలయ్యాక కంపెనీ ఎకరానికి 17 నుంచి 40 డాలర్ల దాకా అడిగింది. వాళ్లు తవ్విన కాలవల విలువ కలిపి వాళ్లకే అమ్మడమన్నమాట. కోర్టులో రైతులు ఓడిపోయారు. 1880 మే 11న జరిగిన కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. సంతకం అయిన ఒప్పందం లేకుండా రైల్వే భూమి మీద ఒక్క మేకు కూడా కొట్టకూడదు.

మనిషిని బట్టి కూడా జవాబు మారిపోతుంది. పెళ్లికాని ఆడమనిషికీ, భర్త పోయినామెకీ హోమ్‌స్టెడ్ కింద తన పేరు మీదే భూమి వచ్చేది. భర్త ఉన్న ఆమెకు మాత్రం మామూలుగా వచ్చేది కాదు, కుటుంబ పెద్ద ఆయనే కాబట్టి. కొత్తగా ఊరికొచ్చిన టీచరమ్మ ఇంకో ఐదేళ్లు పెళ్లి వాయిదా వేసుకుంటే 160 ఎకరాల ఆసామి. ఆ కాలంలో ఆడవాళ్లకు అంత ఆస్తి సొంతంగా రావడానికి వేరే దారులు ఎన్ని? అలాంటామెకు నేను కళ్లు మూసుకుని సర్కారు భూమే చెప్తాను.

బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లకు లెక్క వేరు. కెంటకీ నుంచి వచ్చిన కుటుంబాలు 1877లో కాన్సాస్‌లో నికోడెమస్ అనే ఊరు కట్టుకున్నాయి. చేతిలో డబ్బు లేదు కాబట్టి వాళ్లకున్నది హోమ్‌స్టెడ్ దారే. మొదటి చలికాలం నేలలో తవ్వుకున్న గుంటల్లో గడిపారు. తట్టుకున్నారు, పత్రికలూ పెట్టారు, బడీ పెట్టారు. 1888లో వేసిన రైలు దారి వాళ్ల ఊరిని తప్పించి కొన్ని మైళ్ల అవతల నుంచి పోయింది. దుకాణాలు ఒక్కొక్కటే పట్టాల పక్కకు వెళ్లిపోయాయి. భూమి కాగితాలు పక్కాగానే ఉన్నాయి, ఊరే చిక్కిపోయింది.

దీనికి పూర్తి వ్యతిరేకం రష్యా నుంచి వచ్చిన మెనొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. 1874లో గుంపులు గుంపులుగా వచ్చి శాంటా ఫే రైల్వే దగ్గర వేల ఎకరాలు కొన్నారు. వాళ్ల దగ్గర పాత ఊరిలో ఆస్తులు అమ్మిన డబ్బుంది. సైన్యంలో చేరడం వాళ్ల మతానికి విరుద్ధమంటే, కాన్సాస్ రాష్ట్రం మిలీషియా సేవ నుంచి మినహాయిస్తూ ఆ ఏడే చట్టం చేసింది. చుట్టాలూ, చర్చీ, భాషా అన్నీ ఒక్కచోట కావాలనుకునేవాళ్లకు రైల్వేయే నయం, ఎందుకంటే హోమ్‌స్టెడ్ ఒక్కో కుటుంబాన్నీ ఒక్కో 160 ఎకరాల మధ్యలో ఒంటరిగా కూర్చోబెడుతుంది. వాళ్లు తెచ్చిన టర్కీ రెడ్ అనే చలికాలపు గోధుమే తర్వాత కాన్సాస్‌ను గోధుమల రాష్ట్రం చేసింది.

ఇంకా పడమటికి, వంద డిగ్రీల రేఖాంశం దాటితే ఈ రెండింటిలో ఏదీ వద్దంటాను. అక్కడ ఏడాదికి 20 అంగుళాల వాన కూడా పడదు. వాన మీద ఆధారపడి అక్కడ సేద్యం కుదరదు, పశువులకైతే 2,560 ఎకరాలు ఇవ్వాలని జాన్ వెస్లీ పావెల్ 1878లోనే ప్రభుత్వానికి రాసిచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. కరువొచ్చినప్పుడు బండ్లు తిరిగి తూర్పుకి మళ్లాయి.

ఈ రెండు రకాల భూములూ ఎవరివి? నెబ్రాస్కా మధ్యలో ఉన్నవి చాలావరకు పానీ జాతి వాళ్లవి. వాళ్లను 1870ల మధ్యలో ఇప్పటి ఓక్లహామాకి పంపేశారు. మిగిలిన తెగల ఉమ్మడి భూమిని కూడా 1887 నాటి డాస్ చట్టంతో ముక్కలు చేసి, పంచగా మిగిలింది బయటివాళ్లకు తెరిచారు. దేశం మొత్తం మీద తెగల చేతిలో ఉన్న 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లయ్యాయి. సర్కారు దగ్గర ఉచితంగా తీసుకున్నా, రైల్వేకి వడ్డీతో సహా కట్టినా, ఆ విషయంలో తేడా ఏమీ లేదు.

ఇక మన కౌలు రైతు సంగతి. మూడు నాలుగు వందల డాలర్లూ రైల్వేకి కట్టేస్తే నాగలికీ, విత్తనాలకీ, బావికీ ఏం మిగలదు. లోపలికి పోయి 160 తీసుకుంటే బండి దారి మీదే బతుకు గడిచిపోతుంది. నేనైతే స్టేషనుకి ఐదారు మైళ్లలో సరి నంబరు సెక్షన్‌లో 80 ఎకరాలు హోమ్‌స్టెడ్ కింద తీసుకోమంటాను. అప్పులోళ్లు ముట్టుకోలేని నేల అది, పన్నూ లేదు. నాలుగు పంటలు చేతికొచ్చాక పక్కనే ఉన్న బేసి సెక్షన్‌లో ఇంకో 80 రైల్వే దగ్గర వాయిదాల మీద కొనుక్కోవచ్చు. మంచి సరి సెక్షన్లు అప్పటికే అయిపోయి ఉంటే, విసిగిపోయి వెళ్లిపోతున్నవాడికి కొంత ఇచ్చి, అతని చేత దరఖాస్తు వదులుకునేలా చేసి, ఆ చోట తన దరఖాస్తు పెట్టుకునే పద్ధతీ ఉంది. అలా కొనేటప్పుడు మాత్రం బావిలో నీళ్లున్నాయో లేదో ముందు చేద వేసి చూసుకోవాలి.