కాఠ్మండు వెళ్తున్నారా? గది మాట్లాడేటప్పుడే 'ఐసీనా, ఎన్‌సీనా' అడగండి

నేపాల్‌లో ఐసీ అంటే మన రూపాయి, ఎన్‌సీ అంటే వాళ్ల రూపాయి. మన వందకి వాళ్లది నూట అరవై. 1993 నుంచీ ఇదే రేటు. కాఠ్మండులో టూరిస్టుల పేట థమేల్‌లో మేం దిగిన లాడ్జివాడు గదికి రాత్రికి 2,000 అని ఫోన్లో చెప్పాడు. ఖాళీ చేసే రోజు బిల్లు చూస్తే 2,000 ఐసీ! అంటే వాళ్ల లెక్కలో 3,200. కౌంటర్ వెనక గోడకి ఉన్న రేట్ల పట్టికలో నేపాలీలో 'రూ 2,000' అనే ఉంది. అది చూపిస్తే "అది లోకల్ వాళ్లకి, ఇండియా వాళ్లకి ఐసీయే" అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

బయల్దేరినప్పటి నుంచీ మా బావగారిది ఒకటే పాట: "నేపాల్ అంటే మనదేగా, వీసా కూడా అక్కర్లేదు." ఆయనే కౌంటర్ మీద చెయ్యి చరిచి, వచ్చీరాని హిందీలో అరిచారు. "విమానం పోతుంది, పదండి నాయనా" అని అత్తయ్య గోల. చివరికి 1,600 ఐసీ దగ్గర తెగింది. ఎయిర్‌పోర్టు దాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

పశుపతినాథ్ దర్శనం హాయిగా అయింది. గర్భగుడిలో పూజలు చేసే భట్టులు కర్ణాటక నుంచి వచ్చినవాళ్లని తెలిసి అత్తయ్య పొంగిపోయింది. పక్కనే ఉన్న పాత ఊరు భక్తపూర్‌లోకి వెళ్లడానికి సార్క్ దేశాలవాళ్లకి, అంటే మనకీ, టికెట్ 500 ఎన్‌సీ. మట్టి ముంతలో పెట్టే జుజు ధౌ, అంటే అక్కడి తియ్యటి గడ్డ పెరుగు, తినకుండా రావద్దు.

మన వీధుల్లో నేపాలీ అంటే రాత్రి విజిల్ ఊదే గూర్ఖా, లేదంటే నూడుల్స్ బండి కుర్రాడు. అంతకుమించి మనకి తెలిసింది తక్కువే. కాఠ్మండుని ఆనుకునే ఉన్న పాటన్‌లో ఒక చిన్న థకాలీ (అక్కడి ఒక తెగ వంట) భోజనశాలలో వడ్డించే అబ్బాయి మా మాటలు విని "ఇంకొంచెం పప్పు వెయ్యనా అన్నా?" అన్నాడు! కూకట్‌పల్లిలో ఏదో హోటల్లో పనిచేశాడట. కంచు పళ్లెంలో అన్నం, మినప్పప్పు, ఆవాకు కూర, పులియబెట్టి ఎండబెట్టిన ఆకులతో చేసే గుంద్రుక్, పైన నెయ్యి. అన్నం, పప్పు, కూర ఎన్నిసార్లైనా వేస్తారు, అదనంగా డబ్బు అడగరు. బావగారు మూడోసారి వద్దంటున్నా గరిటె ఆగలేదు. మనిషికి 560 ఎన్‌సీ. "మీ డబ్బులో 350" అని తనే లెక్క చెప్పాడు. క్యూఆర్ మీద మన యూపీఐ పనిచేసింది.

విమానంలో వెళ్తే ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. శనివారం ఆఫీసులకి సెలవు, ఏ పనీ పెట్టుకోకండి. గడియారం పావుగంట ముందుకి తిప్పుకోండి. థమేల్ గోల మనకెందుకు, పాటన్‌లోనే దిగండి. గది రేటు ఎన్‌సీలో వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ పంపండి.