రిటైరయ్యాక మనసు హుషారుగా ఉండాలంటే: పార్కు నడకా, రాత్రి డైరీయా?

ఖర్చు: నడకకు జారని బూట్లు కావాలి. డైరీకి 200 పేజీల నోటుబుక్కు చాలు.

శ్రమ: నడక రోజూ అరగంట, వారానికి 5 రోజులు. డైరీ 10 నిమిషాలు. ఆ రోజు బాగా జరిగినవి మూడు రాయాలి. "అంతా బాగుంది" అని రాస్తే వారంలో విసుగొస్తుంది. "మనవరాలు ఫోన్లో ఏడో ఎక్కం అప్పజెప్పింది" అని రాయండి, ఎందుకు నచ్చిందో కూడా.

చిక్కు: బెంచీ కబుర్లు కోడళ్ల మీద చాడీల్లోకి దిగాయా, నడిచిన ఫలితం అక్కడే పోతుంది. డైరీకి ఆ బెడద లేదు గానీ ఒంటరితనం తీర్చదు.

ఒంటరిగా ఉండేవారికి నడకే మేలు. మోకాళ్లు సహకరించకపోయినా, రాత్రిళ్లు మనసు పాత గొడవలే తవ్వుతున్నా డైరీ. దిగులు 2 వారాలు దాటినా వదలకపోతే రెండూ చాలవు, డాక్టరుకు చూపించుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ ఉచితం.