రిమోట్ బ్రౌజర్ ఐసోలేషన్: చదవడానికి భేష్, లాగిన్‌కు తలనొప్పి

హైదరాబాద్‌లోని మా ట్యాక్స్ కన్సల్టెన్సీలో రిమోట్ బ్రౌజర్ ఐసోలేషన్ సేవను పెట్టుకున్నాక కొన్ని ఆడిట్ సీజన్లు గడిచాయి. ఇది ఉన్నచోట మెయిల్‌లో వచ్చిన లింకును నొక్కితే ఆ పేజీ మన కంప్యూటరులో తెరుచుకోదు; సేవాసంస్థ డేటా సెంటర్‌లో అప్పటికప్పుడు మొదలయ్యే వేరొక బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, అక్కడి తెర దృశ్యం మాత్రమే మనకు చేరుతుంది. ఇన్‌వాయిస్ పేరుతో దొంగ లింకులు వచ్చిపడే మా వంటి కార్యాలయాలకు ఈ రక్షణ ఎంత అవసరమో నేను వేరే చెప్పనక్కరలేదు. చిక్కంతా లాగిన్ దగ్గరే.

మొదట దెబ్బతిన్నది డిజిటల్ సంతకం. కంపెనీల జీఎస్టీ రిటర్నులపై డీఎస్సీతో, అంటే డిజిటల్ సంతకపు సర్టిఫికెట్‌తో, సంతకం చేయాలి. అయితే యూఎస్‌బీ టోకెన్‌లోని సర్టిఫికెట్‌ను పోర్టల్ నేరుగా చదవదు. మన కంప్యూటరులో నడిచే ఎమ్‌సైనర్ అనే చిన్న ప్రోగ్రాము చదివి ఇస్తుంది. పేజీలోని జావాస్క్రిప్ట్ 127.0.0.1 అనే చిరునామాకు, అంటే తాను నడుస్తున్న యంత్రానికే, కబురుపెట్టి ఆ ప్రోగ్రామును పిలుస్తుంది. పేజీ డేటా సెంటర్‌లో నడుస్తున్నప్పుడు ఆ చిరునామా అక్కడి యంత్రానిదే అవుతుంది కాబట్టి, అక్కడ ఎమ్‌సైనరూ దొరకదు, టోకెనూ దొరకదు. 20వ తేదీ సాయంత్రం, జీఎస్‌టీఆర్-3బీ అనే నెలవారీ రిటర్ను గడువు ముంచుకొస్తున్న వేళ, టోకెన్ మీది దీపం వెలుగుతూనే ఉంటుంది, ఎమ్‌సైనర్ నడుస్తూనే ఉంటుంది, తెర మీద మాత్రం దాన్ని మళ్లీ ప్రారంభించమనే సందేశం వస్తుంది. మా జూనియర్లు పాపం డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశారు, టోకెన్‌ను ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు మార్చి చూశారు. తప్పు పోర్టల్‌దీ కాదు, టోకెన్‌దీ కాదు. ఆ వెబ్‌సైట్‌ను ఐసోలేషన్ నుంచి మినహాయించగానే సంతకం పడింది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో డీఎస్సీతో లాగిన్ అయ్యేవారికీ ఇదే చిక్కు; అక్కడ ప్రోగ్రాము పేరు ఎమ్‌బ్రిడ్జ్, అంతే తేడా.

రెండో చిక్కు ఇంతకంటే మాయదారిది. మేము వాడే క్లౌడ్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను మినహాయింపు జాబితాలో చేర్చాం, కానీ దాని లాగిన్ సర్వర్ మరో డొమైన్‌లో (వేరే వెబ్ చిరునామాలో) ఉంది, అది ఐసోలేషన్‌లోనే మిగిలిపోయింది. లాగిన్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ మా బ్రౌజర్‌లో ఒక రహస్య విలువను కుకీగా, అంటే సైట్లు బ్రౌజర్‌లో పెట్టుకునే చిన్న గుర్తుగా, దాచి, మమ్మల్ని ఆ సర్వరుకు పంపుతుంది. పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ సరిగ్గా ఇచ్చినా, తిరిగివచ్చే జవాబు దూరాన ఉన్న బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఆ బ్రౌజర్‌లో మొదట దాచిన కుకీ లేదు. ఒక బస్టాండు క్లోక్‌రూమ్‌లో పెట్టె అప్పగించి, ఇంకో ఊరి బస్టాండులో చీటీ చూపినట్టుంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని ఎవరో అల్లిన అభ్యర్థనగా భావించి మళ్లీ లాగిన్ పేజీకే తరిమేస్తుంది. భద్రత దృష్ట్యా అది చేసింది సబబే. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే 302లు, అంటే వేరే పేజీకి మళ్లించే జవాబులు, వరుసకట్టి కనిపిస్తాయి. లాగిన్ గొలుసులోని డొమైన్లన్నీ ఒకే పక్కన, మొత్తం లోపల గానీ మొత్తం బయట గానీ, ఉంటే తప్ప ఇది తీరదు. ఆ గొలుసును తానే పసిగట్టి చూపాల్సిన ఐసోలేషన్ సేవ నిర్వహణ పేజీలో డొమైన్లను ఒక్కొక్కటిగా చేత్తో చేర్చుకోవడం తప్ప మరో మార్గం లేకపోవడం నాకు అసలు మింగుడుపడని లోపం.

మిగిలినవి చిన్నా చితకా ఇబ్బందులు. పనిలేక కాసేపు వదిలేస్తే దూరాన ఉన్న ఆ బ్రౌజర్ కుకీలతో సహా మాయమవుతుంది, మళ్లీ ఓటీపీ మొదలు. తెర దృశ్యమే వస్తుంది తప్ప అసలైన గడులు రావు కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్ వాటిని నింపలేదు. పాస్‌వర్డ్‌కు బదులుగా ల్యాప్‌టాప్ వేలిముద్రతో పనిచేసే పాస్‌కీ మా ప్లాన్‌లో అక్కడిదాకా చేరదు. డేటా సెంటర్ ఐపీ చిరునామాను చూసి కొన్ని వెబ్‌సైట్లు అనుమానపడి క్యాప్చాలు అడుగుతూనే ఉంటాయి.

మామూలు బ్రౌజర్లలోని వేర్పాటుకూ దీనికీ ముడిపెట్టకూడదు. 2018లో ప్రాసెసర్ చిప్‌లలోని స్పెక్టర్ అనే లోపం బయటపడ్డాక క్రోమ్ 67తో డెస్క్‌టాప్‌లో విస్తృతంగా అమలులోకి వచ్చిన సైట్ ఐసోలేషన్ ఒక్కో సైట్‌ను వేరే ప్రాసెస్‌లో నడుపుతుందే తప్ప కుకీలను ముట్టుకోదు. లాగిన్ కుదరలేదని దాన్ని ఆపేయమనే సలహా వింటే రక్షణ పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. 2022 జూన్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఒక్కో సైట్‌కు వేరే కుకీల డబ్బా కేటాయించడం, 2020 మార్చి నుంచి సఫారీ థర్డ్ పార్టీ (మనం చూస్తున్న సైట్‌వి కాని) కుకీలను పూర్తిగా ఆపేయడం మాత్రం, ఒక సైట్ పేజీలో ఇంకో సైట్‌ను పొదిగినచోట లాగిన్‌కు అడ్డుపడగలవు. అక్కడైనా అనుమతి అడగడానికి వెబ్‌సైట్‌కు స్టోరేజ్ యాక్సెస్ ఏపీఐ అనే దారి ఉంది.

ఇంత జరిగినా మేము ఈ సేవను వదులుకోలేదు, విధానాన్ని తిరగేశాం. రోజూ పనిచేసే పోర్టళ్లు, బ్యాంకులు, వాటి లాగిన్ డొమైన్లు నేరుగా తెరుచుకుంటాయి. కొత్త డొమైన్లూ మెయిల్ లింకులూ మాత్రమే ఐసోలేషన్‌లోకి వెళతాయి. ఈ అమరికతో అయిదుకు మూడున్నర మార్కులు వేస్తాను. సేవాసంస్థ మొదట పెట్టి ఇచ్చిన అమరికకైతే రెండుకు మించి వేయను. కొనాలనుకునేవారు డెమోలో వార్తల సైట్ చూపిస్తే ఒప్పుకోకుండా, తమ డీఎస్సీ టోకెన్‌ను వెంట తీసుకెళ్లి అక్కడే సంతకం చేసి చూపమని అడగాలి.