జీఐ రేకు తిన్నగా కోయడానికి కత్తెరా, గ్రైండరా, జిగ్‌సానా?

మా ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. వంటగది కిటికీకి ఎండ తగలకుండా 26 గేజు జీఐ రేకుతో (జింకు పూసిన ఇనుప రేకు, గేజు అంకె పెరిగేకొద్దీ పలచన) చిన్న పంచలాంటిది నేనే చేసుకున్నాను. చేతిలో ఇనుము కోసే గ్రైండర్ ఉంది కదా అని దానితోనే కోశాను. కోత గీత గీసినట్టే వచ్చింది, నాకు భలే గర్వంగా అనిపించింది. ఒక్క వర్షాకాలం గడిచేసరికి నేను కోసిన అంచు పొడవునా ఎర్రటి చార తేలింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంచు మాత్రం తెల్లగానే ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆలస్యంగా తెలిసింది. జీఐ రేకు మీద ఉండే జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది. గ్రైండర్ రాపిడికి అంచు దగ్గర వేడి అంతకంటే చాలా పైకి పోతుంది, పూత మాడిపోతుంది. రేకు కోసే కత్తెరతో కోస్తే ఆ వేడి ఉండదు. పైగా పక్కనున్న జింకు తాను అరిగిపోతూ, బయటపడ్డ సన్నటి ఇనుప అంచును కొంత కాలం కాస్తుంది. హైదరాబాదులో ఈ తేడాను పట్టించుకోకపోయినా నడుస్తుందేమో. ఉప్పుగాలి తగిలే మన ఊళ్ళో మాత్రం అంచు నునుపుగా ఉందా లేదా అన్నదానికంటే, పూత మిగిలిందా లేదా అన్నదే ముందు చూడాలి.

అందుకే పలచటి రేకుకు నా ఓటు కత్తెరకే. కాకపోతే కత్తెరతో తిన్నగా రాదని అందరూ అంటారు. నాకూ మొదట్లో అంచంతా అలలు అలలుగా వచ్చింది. కత్తెర బ్లేడు దిగాలంటే రేకులో ఏదో ఒక వైపు వంగి దారివ్వాలి. రెండు వైపులా వెడల్పుగా ఉంటే రెండూ మొరాయిస్తాయి. కాబట్టి ముందు గీతకు ఒక సెంటీమీటరు అవతల మోటుగా కోసేయాలి. తర్వాత ఆ సన్నటి పట్టీని గీత మీద కోస్తే, పట్టీ చుట్టలు చుట్టుకుంటూ లేచిపోతుంది, మనకు కావలసిన వైపు చదునుగా మిగులుతుంది. ఇంకో సంగతి, కత్తెరను మొన దాకా పూర్తిగా మూయకూడదు. మూసిన ప్రతిచోటా చిన్న గాటు పడుతుంది, చెయ్యి తెగేది అక్కడే. ముప్పాతిక వంతు మూసి, తీయకుండానే ముందుకు నెట్టుకుంటూ పోవాలి.

దుకాణంలో రంగు పిడుల కత్తెరలు దొరుకుతాయి. ఎరుపు ఎడమకు, ఆకుపచ్చ కుడికి తిరుగుతుంది, పసుపు తిన్నగా పోతుంది. పొడవాటి కోతకు మెడ వంగిన రకం హాయి, చెయ్యి రేకు పైనే ఉంటుంది. మెత్తని ఇనుమైతే 18 గేజు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, వీటికి చివరి హద్దు. స్టెయిన్‌లెస్ అయితే 22 గేజుకే మణికట్టు పట్టేస్తుంది.

అంతకంటే మందం ఉంటే గ్రైండరే గతి. రేకు మీద ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్ పెట్టి రెండు సీ క్లాంపులు బిగించి, 1 మిల్లీమీటరు కటింగ్ వీల్‌ను దాని అంచు వెంట నడపాలి. మొదటిసారి పైపైన గీతలా, రెండోసారి లోతుగా. ఒకేసారి దింపితే వీల్ పట్టేసి విరుగుతుంది. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000-12,000 చుట్ల దాకా తిరుగుతుంది. వీల్ మీద రాసిన వేగం మీ గ్రైండర్ వేగానికి తగ్గితే కొనకండి, వీల్‌ను కప్పే గార్డు అసలు విప్పకండి. కోశాక అంచుకు ఆకురాయి పట్టి, అదే రోజు జింకు ప్రైమర్ వేయండి. రంగు పూత రేకు దగ్గరికి మాత్రం గ్రైండర్ తేవద్దు. వేడి రవ్వలు రంగులో గుచ్చుకుని, తర్వాత ఒక్కొక్కటీ ఒక్కో తుప్పు చుక్క అవుతుంది.

అన్నట్టు, స్టీలు ప్లాంటున్న ఊరు కదా, రేకు చవగ్గా దొరకదా అని బంధువులు అడుగుతుంటారు. మన ప్లాంటులో చేసేది కడ్డీలు, తీగ, యాంగిల్, ఛానల్ వంటివి. రేకు కాదు. కోతకు ఆసరాగా బిగించే యాంగిల్ మనదైనా కావచ్చు గానీ, దాని కింద రేకు మాత్రం బయటి ఊరిదే.

జిగ్‌సా, అంటే బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అల్యూమినియానికి బాగుంటుంది. అంగుళానికి 24 పళ్ళకు తగ్గని బ్లేడు వేసి, రేకును రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య బిగించి కోయాలి. లేకపోతే రేకు తప్పెటలా అదిరి వీధంతా వినిపిస్తుంది.

రెండు మూడడుగుల కంటే పొడవైన కోత, అదీ అరడజను ముక్కలు ఉన్నాయంటే ఇంట్లో కుస్తీ పడొద్దు. కొలతలు కాగితం మీద రాసుకుని గాజువాక ఆటోనగర్ వైపు ఏదైనా షియరింగ్ మిషన్ (రేకును ఒక్క దెబ్బకు తెంపేది) ఉన్న చోటికి పట్టుకెళ్ళండి. నేను వెళ్ళినచోట మేస్త్రీ నా అలల అంచు చూసి నవ్వి, "ఇంత కష్టం ఎందుకు బాబూ, ఒక్క దెబ్బకి అయిపోద్ది కదా" అన్నాడు. నిజంగానే ఒక్క దెబ్బే, వేడీ లేదు, రవ్వలూ లేవు. బాగా సన్నటి పట్టీలు మాత్రం ఆ మిషన్‌లో మెలితిరుగుతాయి. అవి ఇంటికొచ్చి కత్తెరతోనే తీసుకున్నాను.

పంచ రేకు మార్చేశాను. కిటికీ అద్దం మీద అప్పటి గ్రైండర్ రవ్వలు అంటుకున్న చుక్కలు అలాగే ఉన్నాయి. బ్లేడుతో గీకినా రావడం లేదు.