క్రౌన్ ఆఫ్ షాడోస్: నీడల యుద్ధం సరే, ఆ బీరువా సంగతే వేరు

ఆరు భాగాల 'లాక్ అండ్ కీ' కామిక్స్‌లో ఇది మూడోది. జో హిల్ రచన, గాబ్రియెల్ రోడ్రిగెజ్ బొమ్మలు. మాయ తాళంచెవులున్న పాత ఇంట్లో ఉండే లాక్ కుటుంబం పిల్లల కథ. ఏళ్లుగా నా దగ్గరుంది, సెట్టు మొత్తంలో ఎక్కువ నలిగింది ఇదే. మొదటిసారి చెన్నై నుంచి తిరుపతికి సప్తగిరి రైల్లో వస్తూ పట్టుకుంటే రేణిగుంట రాకముందే అయిపోయింది. ఇంతేనా అనిపించింది. కథ పెద్దగా కదలదు మరి. విలన్ డాడ్జ్ వెతికే ఒమేగా అనే తాళంచెవి దొరకదు, వాడు ఎవడన్నది పిల్లలకు ఇంకా తెలీదు.

ఎస్వీ యూనివర్సిటీలో చదివే మా తమ్ముడి బ్యాచ్‌కిస్తే అందరూ యుద్ధం గురించే చెప్పారు. డాడ్జ్ కిరీటం పెట్టుకుని నీడలన్నిటినీ పిల్లల మీదికి ఉసిగొల్పుతాడు. పిల్లల్లో పెద్దవాడు టైలర్ ఒక తాళంచెవి తిప్పి రాక్షసుడంత పెరిగి తలపడతాడు. పేజీ నిండా ఒక్కో బొమ్మ, మాటలు తక్కువ. తోలుబొమ్మలు తెర చించుకుని బయటికి దూకినట్టుంటుంది. కాదనను, అదిరింది. కానీ రెండోసారి పావుగంటలో తిప్పేస్తాం.

నేను మళ్లీ మళ్లీ తెరిచేది చివరి అధ్యాయం. విరిగినవి లోపల పెట్టి తాళం వేస్తే బాగుచేసే బీరువా ఒకటి పిల్లల తల్లి నీనా కంటబడుతుంది. ఆమె తాగి ఉంది. పగిలిన పింగాణీ అతుక్కుంటుంది. తర్వాత ఆమె చూపు హత్యకు గురైన భర్త చితాభస్మం ఉన్న కలశం మీదికి పోతుంది. ఏం జరుగుతుందో తెలిసినా ఆ పేజీ తిప్పడానికి చెయ్యి రాదు. ఇన్ని దయ్యాలున్న సిరీస్‌లో నన్ను వణికించింది దయ్యమే లేని ఈ ఘట్టం.

భయాన్ని తలలోంచి తీసేసుకున్న టైలర్ చెల్లెలు కిన్సీ, స్నేహితులతో గుహలోకి దూరే భాగం కాస్త సాగింది. వీళ్ల తండ్రి కుర్రతనం కథ ఐదో భాగంలో చదివాక మళ్లీ చూస్తే దానికీ బలం వచ్చింది.

పుస్తకంగా మాత్రం తంటానే. పెద్ద బొమ్మలు మధ్య మడతలోకి పోతాయి. మేడ మీద గదిలో ఎండాకాలాలు గడిచేసరికి జిగురు వదిలేసి పేజీలు ఊడాయి. గాంధీరోడ్డులో కుట్టించాను, గట్టిగానే ఉంది గానీ మార్జిన్ ఇంకొంచెం తగ్గింది. మే నెల చెమటచేతులతో ముట్టుకుంటే నల్ల పేజీల మీద వేలిముద్రలు పడతాయి, తుడిచినా పోవు.

మొదటి రెండూ చదవకుండా కొనొద్దు. తొలి అధ్యాయంలోనే రెండు ఆత్మలు కొట్టుకుంటాయి, ఎవరెవరో అర్థం కాదు. నెట్‌ఫ్లిక్స్‌లో దీని సిరీస్ చూసి వచ్చేవాళ్లు కూడా మొదటి భాగం నుంచే మొదలుపెట్టండి. అక్కడికంటే ఇక్కడ రక్తం ఎక్కువ, చిన్నపిల్లలుంటే పై అరలో పెట్టాల్సిందే.