చదరపు అడుగు రేటు చూసి షెడ్డుకి అడ్వాన్సు ఇచ్చేయకండి

కంకిపాడు దగ్గర గోడౌన్ కోసం ఇనుప షెడ్డు వేయిస్తున్నాను. 60 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. బెజవాడలో షెడ్ల పని చేయించినవాళ్ళకి ఈ కాంట్రాక్టరు ఎవరో చదువుతుంటేనే అర్థమైపోతుంది, పేరు మాత్రం రాయను. మిగతావాళ్ళ కంటే చదరపు అడుగుకి 40 రూపాయలు తక్కువ చెప్పాడు. "మీ కోసమే సార్" అన్నాడు. నిజమే, నా కోసమే కాచుక్కూర్చున్నాడు.

డబ్బు సగం అతని చేతికి అందాక ఒక్కొక్కటే బయటికొచ్చింది. జీఎస్టీ 18 శాతం వేరేనట. క్రేను వేరే. గట్టర్లు, వాననీటి పైపులు, షట్టరు అన్నీ వేరే. పునాది ఎటూ మనదే. మాది నల్లరేగడి, వానకి ఉబ్బి ఎండకి బీటలు తీసే నేల, ఫుటింగులు లోతుగా దించాల్సొచ్చింది. సర్లే అనుకున్నా. స్టీలు రేటు పెరిగిందని ఇంకో లక్ష అడిగితే అదీ ఇచ్చాను. దానకర్ణుణ్ణి కదా!

అసలు సంగతి మొన్న సామాను వచ్చిన రోజుది. కొటేషన్‌లో మొత్తం ఇనుము "సుమారు 14 టన్నులు" అని ఉంది. దించేముందు రోడ్డు పక్కనే ఉన్న కాటా మీద ఒకసారి పెట్టిద్దాం అన్నాను. కాంట్రాక్టరు కారు దిగనైనా దిగలేదు. అద్దం దించి, "ఏంటండీ, మీ కొట్లో కందిపప్పు అనుకున్నారా, కాటా వేయడానికి?" అన్నాడు. వెల్డింగు కుర్రాళ్ళు, మా హమాలీలు, అందరి ముందూ. వాళ్ళు నవ్వారు కూడా. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో బస్తాకి పావు కిలో తేడా వస్తే చొక్కా పట్టుకుంటారు. లక్షల సరుకుకి తూకం అడిగితే మాత్రం నేను కక్కుర్తివాణ్ణి! ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

డ్రైవరు చేతిలో టీ డబ్బులు పెట్టి మరీ కాటా వేయించాను. లారీలన్నిట్లో సరుకు కలిపి పదకొండున్నర టన్నులు.

"మనం అడుగు లెక్కన మాట్లాడుకున్నాం, బరువుతో మీకేం పని?" ఇదీ జవాబు. కిటుకంతా అక్కడే ఉంది. అడుగు లెక్కలో అడుగులు తగ్గవు, ఇనుము తగ్గుతుంది. పైరేకుల్ని మోసే అడ్డ దూలాలు (పర్లిన్లు) 2 ఎంఎం మందం అని రాసి 1.6 పంపాడు, అంటే అయిదో వంతు ఇనుము గాలికి పోయింది. పైరేకు 0.50 ఎంఎం అన్నది మైక్రోమీటరు పెడితే రంగుతో కలిపి కూడా 0.45. అడుగుకి 40 తగ్గింపు అంటే మొత్తం 2,40,000. తక్కువొచ్చిన రెండున్నర టన్నులు కిలో వంద చొప్పున వేసుకున్నా 2,50,000. డిస్కౌంటు ఎవరు ఎవరికిచ్చినట్టు?

ఇంకోటి ఉంది, ఇది డబ్బు కంటే పెద్దది. మా మేనల్లుడు సివిల్ ఇంజనీరు, డ్రాయింగు మూల చూపించాడు: షెడ్డు తట్టుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 44 మీటర్లు. అది హైదరాబాద్ లెక్క. కట్టడాల మీద గాలి లెక్కకి వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడకి 50. ఆరే కదా అనుకోకండి, గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, దాదాపు 29 శాతం ఎక్కువ. ఎక్కడిదో పాత డ్రాయింగు తెచ్చి నా పేరు అంటించాడన్నమాట. తుఫాను ఊళ్ళో ఉంటూ నాకిది తట్టలేదు, బంగారు బుర్ర.

కొటేషన్‌లో అడుగు రేటుతోపాటు మొత్తం కిలోలు, రేకు మందం, పర్లిన్ మందం, గాలి వేగం రాయించుకోండి. ఇనుము తయారుచేసిన మిల్లు ఇచ్చే సర్టిఫికెట్ అడగండి. కిలో లెక్కన మాట్లాడితే అప్పుడు అనవసరంగా బరువు పెంచుతారు, కాబట్టి ఆ డ్రాయింగూ బయటి ఇంజనీరుకి చూపించండి. కాటా మాత్రం వాళ్ళు చెప్పిన చోట వద్దు.

బాకీ ఇంకా నా దగ్గరే ఉంది, పొద్దుట్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. పర్లిన్లు మార్చేదాకా పైసా కదలదు. కాటా చీటీల ఫొటోలు ఎవరికైనా కావాలంటే అడగండి, పెడతాను.