ఒంటిమీద బొబ్బలు: స్టెరాయిడా, షుగర్ మాత్ర మార్చడమా, ఏది మేలు?

నర్సంపేట, పరకాల పల్లెల్లో డెబ్బై దాటిన పెద్దవారికి నీటి బొబ్బలు లేస్తే ఇంట్లో మొదట వినిపించేది 'వేడి చేసింది' అనే మాట. మజ్జిగ, సబ్జా నీళ్లు అయ్యాక ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది. బొబ్బలు అణుగుతాయి, షుగర్ ఎగబాకుతుంది, సూది ప్రభావం పోగానే బొబ్బలు తిరిగొస్తాయి. మందుల సంచి మాత్రం ఎవరూ విప్పి చూడరు.

అందులో విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ వంటి, గ్లిప్టిన్ రకం షుగర్ మాత్ర ఉంటే దాన్ని అనుమానించాల్సిందే. చర్మపు పై పొరను కింది పొరకు పట్టి ఉంచే ప్రోటీన్ మీద ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడికి దిగే జబ్బు బుల్లస్ పెంఫిగాయిడ్. గ్లిప్టిన్లు వాడేవారిలో, ముఖ్యంగా విల్డాగ్లిప్టిన్ వాడేవారిలో ఇది ఎక్కువని పలు దేశాల పరిశీలనల్లో తేలింది. మాత్ర మొదలుపెట్టిన నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు బయటపడుతుంది. కాబట్టి 'ఎప్పటినుంచో వేసుకుంటున్నదే కదా' అని దాన్ని వదిలేయడానికి లేదు. బొబ్బలకు ముందు వారాల తరబడి దురద మాత్రమే ఉండవచ్చు.

స్టెరాయిడ్ మాత్రలు త్వరగా పనిచేస్తాయి, కానీ షుగర్ ఉన్న వృద్ధులకు ఖరీదైన బేరం. 2017లో వెలువడిన ఒక మందుల పరీక్షలో ఆరు వారాలకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడినవారిలో 91 శాతం, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడినవారిలో 74 శాతం మందికి బొబ్బలు అదుపులోకి వచ్చాయి. ఏడాదిలో తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రం డాక్సీసైక్లిన్‌తో 18 శాతం, ప్రెడ్నిసొలోన్‌తో 36 శాతం. క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ పూత ఇంకో మంచి దారి. అయితే ఒళ్లంతా రోజూ రాయడానికి ఇంట్లో ఓపికున్న మనిషి కావాలి, కోడలి మీదే పడే పని అది!

మాత్ర మార్చడానికి పెద్దగా ఖర్చు లేదు. నా ఓటు దానికే: తొలి రోజే గ్లిప్టిన్ మార్పించి, తోడుగా పూత, స్టెరాయిడ్ మాత్రలు ఆ తర్వాతే. ఒక గ్లిప్టిన్ బదులు మరో గ్లిప్టిన్ ఇస్తే మార్పు కాదు. మెట్‌ఫార్మిన్‌తో కలిపిన మాత్రల్లో గ్లిప్టిన్ బ్రాండు పేరు చాటున దాగి ఉంటుంది, కాబట్టి పట్టీ వెనుక చిన్న అక్షరాలు చదవాలి. షుగర్ మందులన్నీ సొంతంగా ఆపేయడం మరీ ప్రమాదం. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లినా, ప్రైవేటు చర్మ వైద్యుడిని కలిసినా ఆ పట్టీలన్నీ వెంట ఉండాలి.

నోట్లో పుండ్లు పడి, తాకితే చితికిపోయే పలుచని బొబ్బలు వస్తే అది పెంఫిగస్ అనే వేరే జబ్బు కావచ్చు. పెనిసిలమైన్, కాప్టోప్రిల్ వంటి మందులు దాన్ని రేపగలవు. అక్కడ మాత్ర మార్చి వేచి చూడటం కుదరదు, స్టెరాయిడ్ వంటి గట్టి మందులు ఆలస్యం లేకుండా మొదలుకావాలి.